గడువు తీరిన సర్టిఫికేషన్లను రెజ్యూమెలో ఉంచాలా, తీసేయాలా?

ఈసారి ఉత్తరం రాసిన పాఠకురాలికి 35 ఏళ్లు. పేరు వేయొద్దని కోరారు. హెల్ప్‌డెస్క్‌లో మొదలుపెట్టి, సర్వర్ సపోర్ట్ మీదుగా నెట్‌వర్క్ టీమ్ దాకా తొమ్మిదేళ్లు పనిచేశారు. రెండో పాప పుట్టాక ఉద్యోగం మానేశారు. రెండున్నరేళ్లు ఇంట్లో ఉండి, ఇప్పుడు మళ్లీ ప్రయత్నాలు మొదలుపెట్టారు.

ఆవిడ రెజ్యూమెలో పేరు కిందే, అనుభవం కంటే పైన, 11 లైన్ల సర్టిఫికేషన్ల జాబితా ఉంది. 2015లో చేసిన ఐటిల్ వీ3 ఫౌండేషన్ (ఐటీ సేవల నిర్వహణ పద్ధతులది). 2016లో విండోస్ సర్వర్ 2012 మీద మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఎంసీఎస్ఏ. దాని కోసం రాసిన మూడు ఎగ్జామ్‌లు మళ్లీ విడివిడిగా మూడు లైన్లు. 2018లో సిస్కో నెట్‌వర్కింగ్ సర్టిఫికేషన్ సీసీఎన్ఏ రూటింగ్ అండ్ స్విచింగ్. ఇంట్లో ఉన్న కాలంలో చేసినవి మూడు: మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌కు సంబంధించిన ఏజెడ్-900, ఏజెడ్-104, అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌కు సంబంధించిన క్లౌడ్ ప్రాక్టీషనర్. చివర్లో రెండు ఆన్‌లైన్ కోర్సుల సర్టిఫికెట్లు. ఏ ఒక్కదానికీ తేదీ లేదు. సీసీఎన్ఏ గడువు 2021లోనే ముగిసింది. ఏజెడ్-104 రెండు నెలల క్రితం ఎక్స్‌పైర్ అయింది. పాపకు జ్వరం వచ్చి ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్న రోజుల్లో రెన్యువల్ సంగతే గుర్తు లేదట.

"ఈ రెండున్నరేళ్లు ఖాళీగా కూర్చోలేదని చూపించడానికి నా దగ్గర ఇవే ఉన్నాయి. పాప పడుకున్నాక రాత్రి 10 నుంచి ఒంటి గంట దాకా చదివి చేసినవి" అని రాశారు.

నెల క్రితం ఒక ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో, "సీసీఎన్ఏ చేశారు కదా, స్లాష్ 27 సబ్‌నెట్‌లో ఎన్ని హోస్ట్‌లు పడతాయి?" అని అడిగారు. సబ్‌నెట్ అంటే నెట్‌వర్క్‌లో ఒక ముక్క, హోస్ట్‌లంటే అందులో ఇమిడే పరికరాలు. ఆవిడకు మెదడు మొద్దుబారిపోయింది. "ఎప్పుడు చేశారు?" అన్నారు. 2018 అని ఆవిడ చెప్పారు. "అంటే ఎక్స్‌పైర్ అయిపోయిందన్నమాట" అని అవతలివాళ్లు కిందికి చూసి ఏదో రాసుకున్నారు. ఆ తర్వాత మూడు వారాల పాటు ఎక్కడా అప్లై చేయలేదు. అంతకుముందు పంపిన ఒక అప్లికేషన్ ఇప్పుడు షార్ట్‌లిస్ట్ అయింది. వాళ్లు ఒక ఫారమ్ పంపారు: ప్రతి సర్టిఫికేషన్ పేరు, నంబరు, ఇచ్చిన తేదీ, చెల్లుబాటు తేదీ నింపాలి. "పై వివరాలన్నీ నిజం" అని కింద సంతకం చేయాలి. శుక్రవారం ఆఖరు.

భర్త "అందరూ అలాగే రాస్తారు, ఎవరు చూస్తారు?" అంటున్నారు. పాత మేనేజర్ "ముందు ఆ లిస్టంతా పీకెయ్, ఫ్రెషర్ రెజ్యూమెలా ఉంది" అన్నారు. ఇంకో మాట ఎవరికీ చెప్పుకోలేదట. క్లౌడ్ ప్రాక్టీషనర్ ఎగ్జామ్‌ను డంప్స్ (బయటికి లీకైన ప్రశ్నలు, జవాబులు) బట్టీ పట్టి, రెండు రోజుల్లో క్లియర్ చేశారు. "నిజం మాత్రమే రాస్తే ఏజెడ్-900 ఒక్క లైను మిగులుతుంది. తొమ్మిదేళ్లు పనిచేసిన మనిషికి అదా మిగిలేది?" అన్నది ఆవిడ ప్రశ్న.

సమాధానం

ముందు శుక్రవారం సంగతి చూద్దాం. రెజ్యూమె గురించి తర్వాత తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

ఫారమ్ విషయంలో మీకు మూడు దారులున్నాయి. మొదటిది మీవారు చెప్పినట్టు 11 లైన్లూ నింపేసి, చెల్లుబాటు తేదీ గడులు ఖాళీగా వదిలేయడం. "ఎవరు చూస్తారు" అన్న మాట ఒకప్పుడు కొంతవరకు నిజమేమో. ఇప్పుడు చూడటం చాలా తేలిక. సర్టిఫికేషన్‌తో పాటు వచ్చే డిజిటల్ బ్యాడ్జ్ లింక్ నొక్కితే ఎప్పుడు ఇచ్చారో, ఎప్పుడు ముగుస్తుందో రెండూ తెర మీదికి వస్తాయి. ఖాళీ గడి కనిపిస్తే అడగకుండా వదలరు. ఒకవేళ ఇప్పుడు ఎవరూ చూడకపోయినా, మీ సంతకం ఉన్న కాగితం వాళ్ల ఫైల్లో ఉండిపోతుంది. చేరిన ఆరు నెలలకు ఎవరో తీసి చూస్తే, అప్పటికి మీరు ఎంత బాగా పనిచేస్తున్నా ఆ సంతకానికి సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

కంపెనీలు ఈ తేదీల గురించి ఎందుకంత పట్టుబడతాయో కూడా తెలుసుకోండి. సిస్కో, మైక్రోసాఫ్ట్, ఏడబ్ల్యూఎస్ లాంటి సంస్థల దగ్గర పార్ట్‌నర్ హోదా కావాలంటే, ఫలానా సర్టిఫికేషన్లున్న ఉద్యోగులు ఇంతమంది ఉండాలన్న లెక్కలుంటాయి. ఆ లెక్కలో చూపించుకోవడానికే కొన్ని కంపెనీలు సర్టిఫైడ్ మనుషుల కోసం వెతుకుతాయి. అలాంటి చోట చేరితే మొదటి వారంలోనే మీ సర్టిఫికేషన్ ఐడీ అడుగుతారు. ఎక్స్‌పైర్ అయిన ఐడీ ఆ లెక్కకు పనికిరాదు. మీ మీద అనుమానం ఉండి అడిగే ప్రశ్న కాదది, వాళ్ల అవసరం.

రెండో దారి, చెల్లుబాటులో ఉన్నవి మాత్రమే నింపి మిగతావి వదిలేయడం. ఫారమ్ వరకు చూస్తే ఇందులో అబద్ధం లేదు. కాకపోతే వాళ్ల చేతిలో మీ పాత రెజ్యూమె ఉంది. అందులో 11, ఇందులో రెండు. పక్కపక్కన పెట్టి చూసిన మనిషికి మిగతా తొమ్మిదీ కల్పించినవేమో అనిపిస్తుంది. మీరు కష్టపడి పాసైన సీసీఎన్ఏ కూడా ఆ అనుమానంలో కొట్టుకుపోతుంది.

మూడోది, ఫారమ్ పంపడానికి ముందే హెచ్ఆర్‌కు చిన్న మెయిల్ పెట్టడం. నాలుగు వాక్యాలు చాలు: "ఇంతకుముందు పంపిన రెజ్యూమెలో సర్టిఫికేషన్లకు తేదీలు రాయలేదు. వాటిలో కొన్నింటి గడువు ముగిసింది. తేదీలతో సరిచేసిన కాపీ జతచేస్తున్నాను. ఫారమ్ కూడా దీని ప్రకారమే నింపుతాను." ఇంతకు మించి ఒక్క ముక్క వద్దు. పాప జ్వరం, రాత్రి చదువులు, క్షమాపణలు ఏవీ ఈ మెయిల్‌లోకి రాకూడదు. చాలాచోట్ల హెచ్ఆర్ వాళ్లు పాత ఫైలు తీసి కొత్తది పెట్టుకుని ముందుకెళ్లిపోతారు. దీనివల్ల నష్టం రాదని మాత్రం చెప్పలేను. ఆ ఉద్యోగానికి చెల్లుబాటులో ఉన్న ఏజెడ్-104 తప్పనిసరి అయితే అవకాశం అక్కడితో ఆగిపోవచ్చు. నా మనసు ఈ మూడో దారి వైపే ఉంది. కానీ ఈ ఉద్యోగం మీ ఇంటికి ఎంత అవసరమో నాకు తెలియదు. పర్యవసానాలు చెప్పాను కాబట్టి ఎంపిక మీది.

ఇప్పుడు మిమ్మల్ని నిజంగా తినేస్తున్న మాట దగ్గరికి వద్దాం. "నిజం రాస్తే ఒక్క లైను మిగులుతుంది" అన్నారు. ఇక్కడ మీరు రెండు వేర్వేరు సంగతుల్ని కలిపేసుకుని బాధపడుతున్నారు. గడువు తీరడం వేరు, అబద్ధం కావడం వేరు. మీరు 2018లో సీసీఎన్ఏ పాసయ్యారు. ఆ నిజం 2021లో చెరిగిపోలేదు. 2021 తర్వాత మీరు "సీసీఎన్ఏ సర్టిఫైడ్" అని చెప్పుకోకూడదు, అంతే. తేదీ లేకుండా రాస్తే చదివేవాళ్లకు "ఇప్పుడు ఉంది" అనే అర్థమవుతుంది. తప్పు ఆ రాయని తేదీలో ఉంది. "సీసీఎన్ఏ రూటింగ్ అండ్ స్విచింగ్, 2018లో ఉత్తీర్ణత, 2021 వరకు చెల్లుబాటు" అని రాశారనుకోండి, అందులో వేలు పెట్టి చూపించడానికి ఎవరికీ ఏమీ ఉండదు.

నేను చాలా ఏళ్లు ఇంటర్వ్యూలు చేసే వైపు కూర్చున్నాను. తేదీలు లేని జాబితా చూడగానే చెయ్యి దానంతటదే పెన్ను తీసుకుంటుంది, పక్కన ప్రశ్నార్థకం పెడుతుంది. తేదీలున్న జాబితాలో అదే సర్టిఫికేషన్ పాతబడి కనిపిస్తే, "నాలుగేళ్లయింది, ఏమేం గుర్తుందో అడుగుదాం" అనుకుంటాం. మొదటి ప్రశ్న మనిషి మీద, రెండోది సబ్జెక్టు మీద. మీకు నెల క్రితం ఎదురైన అవమానంలో సగం ఆ లేని తేదీ తెచ్చిపెట్టిందే.

ఎంసీఎస్ఏ సంగతి వేరు. ఎంసీఎస్ఏ, ఎంసీఎస్ఈ అనే పేర్లనే మైక్రోసాఫ్ట్ 2021 జనవరి 31న నిలిపేసి, ఉద్యోగ పాత్రల ప్రకారం ఉండే కొత్త సర్టిఫికేషన్ల వైపు పూర్తిగా వెళ్లిపోయింది. మీరు పరీక్ష రాసిన విండోస్ సర్వర్ 2012కు సపోర్ట్ కూడా 2023 అక్టోబరుతో ముగిసింది. మీరు దాన్ని ఒకే లైన్లో, సంవత్సరంతో రాయొచ్చు. మూడు ఎగ్జామ్‌లను విడిగా రాయడం మానేయండి. ఒకే మెట్టును నాలుగుసార్లు లెక్కపెట్టినట్టు కనిపిస్తుంది, తెలిసినవాళ్లకు అది వెంటనే పట్టుబడుతుంది. లేదా సర్టిఫికేషన్ల విభాగంలోంచి తీసేసి ఆ కాలపు అనుభవం కింద పెట్టొచ్చు: "2016లో ఎంసీఎస్ఏ పూర్తిచేసి, సర్వర్ల ప్యాచింగ్, యాక్టివ్ డైరెక్టరీ బాధ్యతలు చూశాను" అని. నాకు ఈ రెండోదే నచ్చుతుంది. పరీక్ష పాసై ఆ పనే చేశారన్న సంగతి అందులో కనిపిస్తుంది. ఐటిల్ వీ3 కూడా అంతే. 2019లో ఐటిల్ 4 వచ్చేసింది కాబట్టి, మీరు వెళ్తున్న ఉద్యోగంలో సర్వీస్ మేనేజ్‌మెంట్ ప్రస్తావన ఉంటే సంవత్సరంతో రాయండి, లేకపోతే వదిలేయండి. ఏజెడ్-900 లాంటి ఫండమెంటల్స్‌కు గడువు లేదు, దాని గురించి దిగులే అక్కర్లేదు.

ఆన్‌లైన్ కోర్సుల సర్టిఫికెట్లు రెండింటినీ ఈ జాబితాలో కలపకండి. వీడియోలన్నీ చూశాక వచ్చే కాగితానికీ, కెమెరా ముందో సెంటర్లోనో కూర్చుని ఎవరో గమనిస్తుండగా రాసిన పరీక్షకూ తేడా ఉంది. కోర్సు చేయడం చిన్నతనం కాదు, దాని చోటు వేరు. "శిక్షణ" అని విడిగా ఒక లైను పెట్టుకోవచ్చు. రెండూ ఒకే వరసలో ఉంటే పరీక్ష రాసి తెచ్చుకున్నది కూడా కోర్సు కాగితంలాగే కనిపిస్తుంది.

పేరు ఎలా రాయాలన్న విషయంలో ఇంకో జాగ్రత్త. కొన్ని సంస్థలకు ఈ విషయంలో గట్టి నియమాలున్నాయి. సెక్యూరిటీ రంగంలో సీఐఎస్ఎస్‌పీ తీసుకోండి. దానికి పరీక్ష పాసైతే చాలదు, సంబంధిత రంగాల్లో ఐదేళ్ల అనుభవం ఉండాలి, డిగ్రీ ఉంటే అందులో ఏడాది మినహాయింపు దొరకొచ్చు. అనుభవం లేకుండా పాసైనవాళ్లు "అసోసియేట్ ఆఫ్ ఐఎస్‌సీ2" అని మాత్రమే రాసుకోవాలి, సీఐఎస్ఎస్‌పీ అన్న అక్షరాలు పేరు పక్కన పెట్టుకోకూడదు. రేపు మీరు సెక్యూరిటీ వైపు వెళ్లినా, ఏ సర్టిఫికేషన్ చేసినా, ఇచ్చిన సంస్థ ఏ పేరుతో ఇచ్చిందో ఆ పేరే రాయండి. పూర్తి పేరు, పక్కన పొట్టి పేరు, రెండూ ఉంచండి. రెజ్యూమెలను వడపోసే సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఏ మాట కొట్టి వెతుకుతారో చెప్పలేం. బ్యాడ్జ్ బొమ్మలు మాత్రం అతికించకండి. బొమ్మలో ఉన్న అక్షరాలను చాలా సాఫ్ట్‌వేర్‌లు చదవలేవు.

ఇక డంప్స్. ఎవరికీ చెప్పుకోలేని మాట నాకు రాశారు కాబట్టి, తేలిగ్గా తీసిపారేయను. "అందరూ చేసేదే" అని ఓదార్చను కూడా. ఎగ్జామ్ మొదలయ్యే ముందు మీరు ఒప్పుకున్న నియమాలకు అది విరుద్ధం, తెలిస్తే సర్టిఫికేషన్ రద్దు చేసే హక్కు ఆ సంస్థకు ఉంటుంది. కానీ మీ ఉత్తరంలో మిమ్మల్ని ఎక్కువగా భయపెడుతున్నది అది కాదనుకుంటా. ఎవరైనా దాని మీద ప్రశ్న అడిగితే జవాబు రాదన్న భయమే మీలో కనిపించింది.

దీన్ని రెజ్యూమెలో ఉంచి, ఇప్పుడైనా ఆ సిలబస్ మొత్తం కూర్చుని చదువుకోవచ్చు. అది మొదటి మెట్టు పరీక్ష, అనుభవం ఉన్న మీకు రెండు మూడు వారాల్లో పట్టుబడుతుంది. అప్పుడు ప్రశ్నకు భయపడక్కర్లేదు. కాకపోతే ఆ లైను కనిపించినప్పుడల్లా మీకు లోపల గుచ్చుకుంటుంది, ఆ సంగతి మీ ఉత్తరమే చెబుతోంది. లేదంటే లైను తీసేయొచ్చు. సాధించిన ప్రతిదీ రెజ్యూమెలో రాయాలన్న నియమం లేదు. ఏడబ్ల్యూఎస్ వైపే వెళ్లాలని ఉంటే, కొంత సమయం పెట్టి సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్‌ను సొంతంగా చదివి రాయండి. 65 ప్రశ్నలు, 130 నిమిషాలు. ప్రశ్నలు ఒక సన్నివేశం చెప్పి ఏది తగిన పరిష్కారమో అడుగుతాయి. అది పాసైతే కింది మెట్టు గురించి ఎవరూ అడగరు. దీనికి నెలలు పడుతుంది, ఈలోగా రెజ్యూమెలో ఏడబ్ల్యూఎస్ అన్న మాట ఉండదు. నేనైతే తీసేసేవాడిని. ఈ ఫారమ్‌లో మాత్రం "మీకున్న సర్టిఫికేషన్లన్నీ" అని అడిగి ఉంటే దాచొద్దు, అది చెల్లుబాటులోనే ఉంది కాబట్టి రాయండి. "మీ రెజ్యూమెలో పేర్కొన్నవి" అని ఉంటే సరిచేసిన రెజ్యూమె ప్రకారం నింపండి. ఆ వాక్యాన్ని ఇంకోసారి నెమ్మదిగా చదవండి.

స్లాష్ 27 ప్రశ్న దగ్గర ఒక నిమిషం ఆగుతాను. ఎందుకంటే మీ పాత చదువూ కొత్త చదువూ అక్కడే కలుస్తాయి. 32 బిట్లలో 27 నెట్‌వర్క్‌కు పోతే ఐదు మిగులుతాయి. ఐదు బిట్లకు 32 అడ్రసులు. అందులో నెట్‌వర్క్‌కు ఒకటి, బ్రాడ్‌కాస్ట్‌కు ఒకటి తీసేస్తే 30 హోస్ట్‌లు. సీసీఎన్ఏలో జవాబు 30. అదే స్లాష్ 27ను మీరు అజూర్‌లోనో ఏడబ్ల్యూఎస్‌లోనో పెడితే, ప్రతి సబ్‌నెట్‌లో ఐదు అడ్రసులు వాళ్లే అట్టిపెట్టుకుంటారు: మొదటి నాలుగు, చివరిది. అప్పుడు మీ చేతికి వచ్చేవి 27. ఆఫీసులో స్విచ్‌ల మధ్య పనిచేసిన మనిషి క్లౌడ్‌లోకి వచ్చాక తడబడే చోట్లలో ఇదొకటి. ఆ రోజు మీకు 30 అన్న జవాబు తట్టలేదు, సరే. ఈసారి ఎవరైనా అడిగితే "30, క్లౌడ్ సబ్‌నెట్ అయితే 27" అని చెప్పండి. గడువు తీరిన సీసీఎన్ఏ, గడువు తీరిన ఏజెడ్-104 రెండూ కలిసి ఇచ్చిన జవాబది. ఎదుటివాళ్లు తేదీ గురించి అడగాలనుకున్నా, ముందు ఆ రెండో సంఖ్య గురించే మాట్లాడతారు.

తేదీ గురించి అడిగితే మాత్రం తడుముకోకండి. "2018లో చేశాను, 2021లో గడువు అయింది, రెన్యువల్ చేయలేదు. అప్పటిదాకా రోజూ చేసిన పని అదే" అని చెప్పి ఊరుకోండి. ఎందుకు చేయలేదో వాళ్లు అడిగితేనే చెప్పండి.

ఇక మీ ఉత్తరంలో మీరు అర వాక్యంలో దాటేసిన విషయం ఒకటుంది. "మధ్యలో అక్క వాళ్ల ఆఫీసులో నెట్‌వర్క్ సరిచేసి ఇచ్చాను, అది ఉద్యోగం కాదు కదా అని రాయలేదు" అన్నారు. బ్రాకెట్లో వివరం కూడా పెట్టారు: 12 కంప్యూటర్లు, రోజూ మధ్యాహ్నం కొన్నింటికి నెట్ పోయేది. ఎవరో మూలన ఇంకో వైఫై రౌటర్ తగిలించారు, అది కూడా ఐపీ అడ్రసులు పంచిపెడుతోంది. మీరు దాని డీహెచ్‌సీపీ (అడ్రసులు పంచే సదుపాయం) ఆపేసి, వచ్చిపోయే అతిథులకు విడిగా వీలాన్ (వేరుచేసిన నెట్‌వర్క్) పెట్టారు. ఇది చదివి నేను కుర్చీలో ముందుకు జరిగాను. లక్షణం ఏంటి, కారణం ఎలా పట్టుకున్నారు, ఏం మార్చారు, అన్నీ ఉన్నాయి ఇందులో. 11 లైన్లలో ఏ ఒక్కటీ చెప్పని సంగతిని ఈ అర వాక్యం చెబుతోంది: ఈ మనిషికి నెట్‌వర్క్ తెలుసు, ఉద్యోగం లేని రోజుల్లో కూడా ఆ పని చేశారు. జీతం తీసుకోలేదు కాబట్టి "ఉద్యోగం" అని రాయకండి. "విరామంలో చేసిన పని" అని శీర్షిక పెట్టి, రెండు లైన్లలో ఇదే రాయండి. మీ అక్క వాళ్లకు అభ్యంతరం లేదని ముందు అడగండి, ఆఫీసు పేరు లేకపోయినా ఫర్వాలేదు.

కాబట్టి "ఒక్క లైను మిగులుతుంది" అన్నది నిజం కాదు. పైన తొమ్మిదేళ్ల అనుభవం, దాని కింద విరామంలో చేసిన పని, ఆ తర్వాత సర్టిఫికేషన్లు. చెల్లుబాటులో ఉన్నవి ముందు, గడువు ముగిసినవి సంవత్సరాలతో తర్వాత. ఆ వరసలో ఏజెడ్-900, సీసీఎన్ఏ, ఏజెడ్-104, కావాలంటే ఎంసీఎస్ఏ. నాలుగు లైన్లు. మీ పాత మేనేజర్ అన్నదాంట్లో ఒక మాట నిజం: తొమ్మిదేళ్లు పనిచేసిన మనిషి రెజ్యూమె సర్టిఫికేషన్లతో మొదలైతే, పని చూపించడానికి ఏమీ లేదేమో అనిపిస్తుంది. అన్నీ పీకెయ్యమనడం మాత్రం తొందరపాటు. ప్రకటనలో ఫలానా సర్టిఫికేషన్ తప్పనిసరి అని ఉండి, అది మీ దగ్గర చెల్లుబాటులో ఉంటే, ఆ ఒక్క ఉద్యోగానికి దాన్ని పైకి తెచ్చుకోవచ్చు.

తర్వాత ఏం చేయాలన్నది మీరు ఎటు వెళ్లాలనుకుంటున్నారో దాన్ని బట్టి ఉంటుంది. క్లౌడ్ అయితే ఏజెడ్-104 మళ్లీ రాయండి. గడువు ముగియకముందు ఆరు నెలల పాటు ఇంట్లో కూర్చుని ఉచితంగా రెన్యువల్ చేసుకునే వీలుండేది, అది దాటిపోయింది కాబట్టి పూర్తి పరీక్షే రాయాలి. రెండు నెలలే అయింది, చదివింది ఇంకా మనసులో ఉంది. ఆలస్యం చేస్తే కష్టం పెరుగుతుంది. నెట్‌వర్క్ అయితే సీసీఎన్ఏ. 2020 ఫిబ్రవరిలో సిస్కో రూటింగ్ అండ్ స్విచింగ్, సెక్యూరిటీ, వైర్‌లెస్ వంటి విడి విడి సీసీఎన్ఏలను కలిపి ఒకటే చేసింది. అందులో ఇప్పుడు ఆటోమేషన్ కూడా ఉంది కాబట్టి పాత నోట్సు సరిపోవు. సిస్కో నెట్‌వర్క్ సిమ్యులేటర్ ప్యాకెట్ ట్రేసర్ ఉచితమే, ల్యాబ్ ప్రాక్టీస్‌కు అది చాలు. రెండూ ఒకేసారి మాత్రం పెట్టుకోకండి. మీకున్నది రాత్రి మూడు గంటలు, అదీ పాప సరిగ్గా పడుకున్న రోజున. పరీక్ష తేదీ బుక్ చేశాకే రెజ్యూమెలో "ఫలానా నెలలో రాస్తున్నాను" అని రాయండి. తేదీ లేకుండా "చదువుతున్నాను" అని ఏడాది పాటు ఉంచిన లైను మీద ఎవరికీ నమ్మకం ఉండదు.

ఇంకొక్కటి, ఈరోజే చూసుకోవాల్సింది. ఎంసీఎస్ఏ, సీసీఎన్ఏ ఉద్యోగంలో ఉండగా చేశారు కాబట్టి, అప్పటి ఆఫీసు మెయిల్‌తో రిజిస్టర్ అయ్యారేమో చూడండి. చాలామందికి ఇక్కడే చిక్కు వస్తుంది. ఆ మెయిల్ పోయాక నంబరూ దొరకదు, ట్రాన్‌స్క్రిప్టూ తెరుచుకోదు. పాత ప్రింట్ కాపీలు వెతకండి, వాటి మీద నంబరు ఉంటుంది. దొరక్కపోతే సిస్కో, మైక్రోసాఫ్ట్ సర్టిఫికేషన్ సపోర్ట్‌కు మీ పేరు, పరీక్ష రాసిన తేదీలు రాసి పాత రికార్డును మీ సొంత మెయిల్‌కు మార్చమని అడగండి. శుక్రవారం లోపు జవాబు రాకపోతే ఫారమ్‌లో నంబరు గడిలో "రికార్డు కోసం సపోర్ట్‌కు అభ్యర్థన పంపాను" అని ఆ తేదీ వేయండి. హెచ్ఆర్‌కు మెయిల్ మాత్రం బుధవారం ఉదయమే పంపితే, వాళ్లు ఏమైనా అడిగినా మీకు రెండు రోజులు చేతిలో ఉంటాయి.